‘విల్’ వంతు మూడోది

రేమండ్ మర్ఫీ రాసిన ‘ఇంగ్లిష్ గ్రామర్ ఇన్ యూజ్’ తెరిచి భవిష్యత్తు గురించిన పాఠాల దగ్గరికి వెళ్తే, మన బడుల్లో ఇంగ్లిష్ చదువుకున్నవాళ్లకు ముందుగా ఒక ఆశ్చర్యం ఎదురవుతుంది. రేపటి సంగతి అనగానే మనం వెతికే ‘విల్’ అక్కడ మొదటి పాఠంలో లేదు. రెండో పాఠంలోనూ లేదు. ఇప్పటి కూర్పుల్లో 19 నుంచి 25 దాకా ఏడు పాఠాలు భవిష్యత్తుకు కేటాయిస్తే, ‘విల్’ 21లో గానీ రాదు. 19లో వర్తమాన కాలపు రూపాలుంటాయి. 20లో ‘గోయింగ్ టు’ ఉంటుంది. ‘విల్’ వంతు మూడోది. ఇంగ్లిష్ నేర్పే పుస్తకాల్లో నాకు కనిపించిన గొప్ప పనితనమంతా ఈ వరసలోనే ఉంది.

పుస్తకం గురించి నాలుగు మాటలు. 1985లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్ దీన్ని మొదటిసారి వేసింది. మర్ఫీ 1970లలో జర్మనీలో ఇంగ్లిష్ చెప్పేవారు. అక్కడి విద్యార్థుల కోసం తయారుచేసుకున్న పాఠాలే ఈ పుస్తకానికి పునాది. 1994, 2004, 2012, 2019లలో కొత్త కూర్పులు వచ్చాయి. దక్షిణాసియా విద్యార్థుల కోసం ‘ఇంటర్మీడియట్ ఇంగ్లిష్ గ్రామర్’ పేరుతో ప్రత్యేకంగా ఒక కూర్పు ఉంది. పోటీ పరీక్షలకు చదివే మన పిల్లలు చాలామంది చేతుల్లో కనిపించేది అదే. ప్రతి పాఠం ఎదురెదురుగా ఉండే రెండు పేజీలు. ఎడమ పేజీలో వివరణ, కుడి పేజీలో అభ్యాసాలు. విషయం ఎంత పెద్దదైనా ఆ ఎడమ పేజీ అంచు దాటకూడదు. ఈ కట్టుబాటు రచయిత చేత ఎంత ఆలోచింపజేసి ఉంటుందో, భవిష్యత్తు పాఠాలు చదువుతుంటే తెలుస్తుంది. ఎందుకంటే ఇంగ్లిష్ వ్యాకరణంలో ఇంతకంటే చిక్కు చోటు ఎక్కువ లేదు.

చిక్కు ఎక్కడుందంటే, ఇంగ్లిష్ క్రియకు గతాన్ని చెప్పే రూపం ఉంది. ‘వాక్’కు ‘వాక్డ్’, ‘గో’కు ‘వెంట్’. రేపటికి అలాంటి సొంత రూపం ఏదీ లేదు. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లిష్‌లో వర్తమాన రూపంతోనే రేపటి సంగతీ చెప్పుకునేవారు. ‘షల్’ అప్పట్లో చేయాల్సిన బాధ్యతను చెప్పే మాట, ‘విల్’ కోరికను చెప్పే మాట. కాలం గడిచేకొద్దీ ఆ రెండూ మెల్లగా భవిష్యత్తు వైపు జరిగాయి. 1653లో జాన్ వాలిస్ లాటిన్‌లో ఒక ఇంగ్లిష్ వ్యాకరణం రాశాడు. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో గణితాచార్యుడు. అనంతానికి ఇప్పుడు మనం వాడే గుర్తును 1655లో ప్రవేశపెట్టింది కూడా ఆయనే. ‘షల్’, ‘విల్’ల సంగతి ఆయన ఒక సూత్రంగా బిగించాడు. ఉత్తమ పురుషలో ‘షల్’ అంటే ఊరికే జరగబోయేది చెప్పడం, ‘విల్’ అంటే మాట ఇవ్వడమో బెదిరించడమో. మధ్యమ, ప్రథమ పురుషల్లో ఇది తిరగబడుతుంది. ఆ సూత్రం రెండున్నర శతాబ్దాల పైన వ్యాకరణాలన్నిటినీ ఏలింది. 1906లో ఫౌలర్ సోదరులు ‘ద కింగ్స్ ఇంగ్లిష్’లో ఈ ఒక్క అంశం మీద పేజీలకు పేజీలు రాసి, పుట్టుకతో అబ్బినవాళ్లకు తప్ప మిగతావాళ్లకు ఇది పట్టుబడటం కష్టమన్నారు. 1925లో చార్ల్స్ ఫ్రీజ్ అనే అమెరికన్ భాషావేత్త నాటకాల్లోని సంభాషణలు ముందు పెట్టుకుని లెక్క తీశాడు. మనుషులు ఆ సూత్రం ప్రకారం మాట్లాడటం లేదని తేలింది.

మర్ఫీ పుస్తకం వచ్చిన 1985లోనే రాండాల్ఫ్ క్వర్క్, మరో ముగ్గురు పండితులు కలిసి రాసిన మహా వ్యాకరణం ‘ఎ కాంప్రహెన్సివ్ గ్రామర్ ఆఫ్ ద ఇంగ్లిష్ లాంగ్వేజ్’ కూడా వచ్చింది. ఇంగ్లిష్‌లో రూపపరంగా భవిష్యత్ కాలం అనేదే లేదు, భవిష్యత్తును చెప్పే మార్గాలు మాత్రం చాలా ఉన్నాయి అన్నది అందులోని మాట. పండితులకు అది చక్కని తీర్పు. రేపు ఇంటర్వ్యూకు వెళ్లాల్సిన విద్యార్థికి ఆ తీర్పు ఒక్కటే సరిపోదు. మార్గాలు చాలా ఉన్నాయంటే ఏ మార్గం ఎప్పుడు పట్టాలో ఎవరో ఒకరు చూపించాలి.

మన దగ్గర ఎలా చూపిస్తున్నాం? మూడు కాలాలు, ఒక్కో కాలానికి నాలుగు రూపాలు, మొత్తం 12 గళ్ల పట్టిక. భవిష్యత్తు వరసలో ‘షల్’, ‘విల్’. రెన్, మార్టిన్ రాసిన వ్యాకరణం స్వాతంత్ర్యానికి ముందు నాటిది. దాని నీడలో పెరిగిన గైడ్లన్నీ ఈ పట్టికనే తిప్పి తిప్పి అచ్చువేశాయి. పట్టిక చూడటానికి బాగుంటుంది, పరీక్షలో మార్కులూ వస్తాయి. అది నేర్పే తప్పుడు నమ్మకం మాత్రం ఒకటుంది: రేపు అంటే ‘విల్’. అందుకే మనవాళ్ల ఇంగ్లిష్‌లో పెళ్లికి వెళ్లడమూ ‘విల్’తోనే, రైలు బయల్దేరడమూ ‘విల్’తోనే, మబ్బు పట్టి వాన పడబోవడమూ ‘విల్’తోనే.

ఇప్పుడు మర్ఫీ 19వ పాఠం చూడండి. మొదట కనిపించేది సూత్రం కాదు, ఒక డైరీ పేజీ. వచ్చే వారం ఒక మనిషికి ఏ రోజు ఏ పని ఉందో అందులో రాసి ఉంటుంది. సోమవారం ఆట, మంగళవారం పళ్ల డాక్టరు, శుక్రవారం ఒక స్నేహితురాలిని కలవడం. వీటన్నిటినీ వర్తమాన రూపంలోనే, ‘ఈజ్ ప్లేయింగ్’, ‘ఈజ్ మీటింగ్’ తరహాలో చెబుతారు. ఆ ఒక్క డైరీ బొమ్మ పేరా వివరణ చేసే పని చేస్తుంది. డాక్టరు దగ్గర టైము తీసుకోవడం అయిపోయింది. స్నేహితురాలు సరేనంది. పని జరగలేదు గానీ ఏర్పాటు జరిగిపోయింది. ఏర్పాటు ఇవాళ్టిది కాబట్టి క్రియా ఇవాళ్టి రూపంలోనే ఉంటుంది. ‘నిశ్చిత భవిష్యత్తు’ లాంటి పేరేదీ పెట్టకుండా, డైరీలో రాసి ఉన్నదాన్ని ఎలా అంటామో చూపించి ఊరుకున్నారు మర్ఫీ. చదివినవాడికి ఆ రూపం ఇక జన్మలో మరుపు రాదు.

ఇక్కడ తెలుగు పాఠకుడికి ఇంకో సంతోషం ఉంది. మనం కూడా సరిగ్గా ఇలాగే మాట్లాడతాం. టికెట్ తీసుకున్నాక ‘ఎల్లుండి విజయవాడ వెళ్తున్నాను’ అంటాం. ‘వెళ్తాను’ అంటే ఆ ధీమా వినిపించదు, ఇంకా మాటలోనే ఉందనిపిస్తుంది. మనసులో అనుకుని ఇంకా ఎవరికీ చెప్పకపోతే ‘వెళ్దామనుకుంటున్నాను’ అంటాం. మన వాడుక భాషలోనూ రేపటికి విడిగా రూపం లేదు. ‘వస్తాడు’ అన్న మాట రోజూ వచ్చేవాడికీ రేపు రాబోయేవాడికీ ఒకటే. అంటే ఇంగ్లిష్ పెట్టే తేడాలు మన నోట్లో ముందే ఉన్నాయి. 12 గళ్ల పట్టిక వాటిని మనకు కనపడనివ్వలేదు. మర్ఫీ తెలుగు వ్యాకరణం చూసి రాయలేదు. అయినా మన పిల్లలకు పట్టిక కంటే ఆయన వరసే దగ్గర. ‘అయామ్ గోయింగ్ టు విజయవాడ టుమారో’ అన్న వాక్యం ‘వెళ్తున్నాను’ అన్నంత సహజంగా వాళ్ల నోటికి రావాలి. మొదటి పాఠంగా నేర్పితే వస్తుంది.

అదే పాఠంలో కింద టైమ్‌టేబుల్ సంగతి ఉంది. రైళ్లు, బస్సులు, సినిమా ఆటలు, తరగతులు. వీటికి ‘లీవ్స్’, ‘స్టార్ట్స్’ అనే మామూలు వర్తమానం చాలు. రేపటి రైలు నా ఇష్టం మీద ఆధారపడి కదలదు, బోర్డు మీద రాసి ఉన్న సమయానికి కదులుతుంది. సూటి విషయం కాబట్టి మర్ఫీ ఇక్కడ ఎక్కువసేపు ఆగరు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ దాటిపోవాలో తెలిసిన రచయిత ఆయన.

20వ పాఠంలోని ఒక బొమ్మ దగ్గర మాత్రం తప్పకుండా ఆగాలి. ఒక మనిషి ముందు చూడకుండా నడుస్తున్నాడు. ఎదురుగా గోడ ఉంది. పాత కూర్పుల్లో గోడ బదులు గొయ్యి ఉండేది. అతను ఆ గోడను ఢీకొనబోతున్నాడు. దీన్ని ‘గోయింగ్ టు’తో చెప్పాలి, ‘విల్’తో కాదు. ఎందుకో బొమ్మ చూస్తేనే తెలుస్తుంది. ఆ మనిషి అలా అనుకోలేదు, ఏర్పాటూ చేసుకోలేదు. చూస్తున్న మనకు మాత్రం కళ్ల ముందే కారణం కనిపిస్తోంది. మబ్బులు చూసి ‘వాన పడేలా ఉంది’ అన్నట్టే ఇదీ. ‘వాన పడుతుంది’ అనడానికి మబ్బులు అక్కర్లేదు, జ్యోతిషుడైనా అనొచ్చు. ‘పడేలా ఉంది’ అనాలంటే ఆకాశం వైపు చూడాలి. ‘గోయింగ్ టు’కు రెండు అర్థాలు. ఒకటి ముందే మనసులో నిర్ణయించుకున్న పని, రెండోది ఇప్పుడు కనిపిస్తున్న గుర్తుల నుంచి రాబోయేది. పైకి ఈ రెంటికీ పొత్తు లేనట్టుంటుంది. ఒకే పేజీలో పక్కపక్కన చూస్తే రెంటికీ వేరు ఒక్కటేనని తేలుతుంది: రేపటి విత్తనం ఇవాళే పడి ఉంది. ఒకచోట అది మనసులో పడింది, ఇంకోచోట గోడ రూపంలో ఎదురుగా ఉంది. మర్ఫీ ఈ మాట రాయరు. రాయాల్సిన అవసరం లేకుండా ఆ రెండు ఉదాహరణల్నీ ఒకదాని కింద ఒకటి పెట్టారు.

ఈ రెండు పాఠాలూ అయ్యాక, 21లో, ‘విల్’ వస్తుంది. అదీ రేపటి గురించి కాదు, ఈ క్షణం గురించి. తలుపు తీసి ఉంచానని ఒకరికి ఇప్పుడే గుర్తొచ్చింది, వెళ్లి వేసి వస్తానంటారు. ఫోను మోగింది, నేను తీస్తానంటారు. నిర్ణయం మాటతో పాటే పుట్టింది. అంతకు ముందు లేదు. అడగడం, ఒప్పుకోవడం, మాట ఇవ్వడం, సాయం చేస్తాననడం అన్నీ ఈ కోవలోకే వస్తాయి. ‘విల్’కు ఒకప్పుడున్న కోరిక, సంకల్పం అనే పాత అర్థం ఇక్కడ ఇంకా సజీవంగా ఉంది. వాలిస్ సూత్రంలో కాస్త మెరిసిన ఈ సత్యాన్ని మర్ఫీ చరిత్ర ఊసెత్తకుండానే సామాన్యుడి వంటింటి సంభాషణలోకి తెచ్చారు. ‘షల్’కు మిగిలిన అసలు ఉపయోగం ప్రశ్నలోనే: ‘షల్ ఐ ఓపెన్ ద విండో’, ‘షల్ వి గో’. తరతరాల విద్యార్థుల్ని ఏడిపించిన మాటకు ఆయన ఇచ్చిన చోటు పాఠంలో చివరి భాగం మాత్రమే. అది న్యాయమైన కొలతే. 22లో ఊహలూ నమ్మకాలూ వస్తాయి. ‘ఐ థింక్’, ‘ప్రాబబ్లీ’ లాంటి మాటలతో పాటు ‘విల్’ను చూపిస్తారు. ఇప్పటికే నిర్ణయమైపోయినదానికి ‘విల్’ వద్దని మళ్లీ ఒకసారి హెచ్చరిస్తారు కూడా.

నా దృష్టిలో ఏడింటిలోకీ మేలైనది 23వ పాఠం. ‘విల్’, ‘గోయింగ్ టు’ పక్కపక్కన నిలబడేది ఇక్కడే. పార్టీ చేసుకుందామని ఒకరు అంటారు. ఆ మాట వింటూనే రెండోవారు ఉత్సాహంగా, అయితే చాలామందిని పిలుద్దామంటారు. అక్కడ ‘విల్’. తర్వాత అదే మనిషి ఇంకొకరితో ఆ పార్టీ సంగతి చెబుతున్నప్పుడు ‘గోయింగ్ టు’. మనిషి మారలేదు, పార్టీ మారలేదు, రోజూ మారలేదు. మారిందల్లా నిర్ణయం వయసు. మొదటి మాటలో అది అప్పుడే పుట్టింది, రెండో మాటలో దానికి కొంత వయసొచ్చింది. పేరాల కొద్దీ నిర్వచనాలు రాసినా ఇంత స్పష్టంగా రాదు.

కుడి పేజీలోని అభ్యాసాలు ఇంకా గొప్పవి. ఖాళీ ఉన్న వాక్యం రెండో మనిషిది. ఏ రూపం రాయాలో చెప్పే ఆధారం మాత్రం మొదటి మనిషి మాటలో ఉంటుంది. టీవీ ఎందుకు పెడుతున్నావని మొదటివారు అడిగితే, రెండోవారు వార్తలు చూడాలని ముందే అనుకుని లేచారన్నమాట. అక్కడ ‘గోయింగ్ టు’. నా దగ్గర డబ్బుల్లేవని ఇప్పుడే తెలిసిందని మొదటివారు కంగారుపడితే, నేనిస్తాలే అని రెండోవారు అనేది ఆ క్షణానే. అక్కడ ‘విల్’. ఖాళీని మాత్రమే చూసేవాడు తప్పు రాస్తాడు. ఎదుటి మనిషి ఏమన్నాడో విన్నవాడే ఒప్పు రాస్తాడు. మన పరీక్షల్లో ‘టుమారో’ అనే మాట కనిపిస్తే ‘విల్’ రాయమని గుర్తులు చెప్పి నేర్పుతాం. ఇక్కడ గుర్తు మాటలేవీ ఉండవు, సందర్భమే గుర్తు. సంభాషణను వినడం నేర్పే వ్యాకరణ అభ్యాసం తయారుచేయడం ఎంత కష్టమో, తరగతి కోసం ఒక్క ప్రశ్నపత్రం రాసినవాళ్లకైనా తెలుస్తుంది.

24లో మళ్లీ బొమ్మలు. సినిమా హాలు ముందు జనం క్యూలో నిలబడి ఉన్నారు. అరగంట తర్వాత వాళ్లంతా లోపల సినిమా చూస్తూ ఉంటారు. మూడు గంటల తర్వాత హాలు ఖాళీ, సినిమా అయిపోయి ఉంటుంది, అందరూ ఇళ్లకు వెళ్లిపోయి ఉంటారు. ‘విల్ బి డూయింగ్’, ‘విల్ హావ్ డన్’ అనే రెండు రూపాలకు మన గైడ్లు రెండు వేర్వేరు గళ్లిస్తాయి. మర్ఫీ వాటికి ఒకే హాలు, ఒకే జనం ఇచ్చి గడియారం మాత్రం కదిపారు. ఒక పని నడుమ నిలబడి చూస్తే మొదటిది, ఆ పని దాటాక వెనక్కి చూస్తే రెండోది. పాత కూర్పుల్లో ఇదే పాఠంలో ఇంకో చిన్న సంగతి ఉండేది, మర్యాదకు సంబంధించినది. ఎదుటివాళ్ల సైకిలు మనకు కావాలనుకోండి. ‘విల్ యూ బి యూజింగ్ యువర్ బైసికిల్ దిస్ ఈవెనింగ్’ అని అడిగితే, ఇవ్వమని అడిగినట్టు కాదు. సాయంత్రం మీకు దానితో పనుందా అని ముందు కనుక్కున్నట్టు. కాదనడానికి ఎదుటివాళ్లకు దారి ఉంచినట్టు.

25వ పాఠం మనవాళ్లు ఎక్కువగా తప్పు చేసే చోటు. ‘వెన్ ఐ విల్ రీచ్, ఐ విల్ కాల్ యూ’ అనేవాళ్లు మనలో ఎందరో. ‘వెన్’, ‘ఇఫ్’, ‘బిఫోర్’, ‘ఆఫ్టర్’ల వెంట వచ్చే భాగంలో ‘విల్’ రాకూడదు. ‘వెన్ ఐ రీచ్’ చాలు. ఇది కూడా తెలుగువాడికి కొత్తగా ఉండకూడదు. ‘చేరగానే ఫోన్ చేస్తాను’, ‘వానొస్తే రాను’ అంటాం. ‘చేరగానే’లో గానీ ‘వస్తే’లో గానీ భవిష్యత్తు ఎక్కడుంది? ఆ బరువంతా చివరి క్రియ మోస్తుంది. ఇంగ్లిష్‌లోనూ బరువు ఒక్కచోటే ఉంటుంది. తేడా ఒక్కటే. మన దగ్గర అక్కడ అసమాపక క్రియ ఉంటుంది కాబట్టి కాలం అంటించే చోటే లేదు. ఇంగ్లిష్‌లో పూర్తి క్రియ ఉంటుంది కాబట్టి, పట్టిక చదువుకున్న చెయ్యి దానికి ‘విల్’ తగిలిస్తుంది. తెలుగు తప్పుదారి పట్టించిందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. తప్పుదారి పట్టించింది పట్టికే.

పుస్తకం చివర అనుబంధంలో భవిష్యత్తు రూపాలన్నిటినీ ఒకే జాబితాగా ఇచ్చారు. అన్నిటికీ ఒకే క్రియ, ‘లీవ్’. ఏ రూపం ఏ పాఠంలో ఉందో పక్కనే నంబరు. ఏడు పాఠాలు చదివాక దీన్ని చూస్తే, ఒకే మనిషి ఒకే ప్రయాణం గురించి ఎన్ని మనఃస్థితుల్లో మాట్లాడగలడో కనిపిస్తుంది. ముందే చూస్తే అది వట్టి జాబితా. దాన్ని మొదట్లో పెట్టాలన్న ఆశకు లొంగకుండా చివరికి నెట్టడం కూడా పనితనమే.

లోటు లేదా అంటే ఉంది. వార్తల్లో రోజూ కనిపించే ‘ఈజ్ టు విజిట్’ తరహా ప్రయోగానికి ఈ ఏడు పాఠాల్లో చోటు లేదు. ఇంగ్లిష్ పత్రిక శీర్షికల్లో అది ఇంకా కుదించుకుపోయి ‘సీఎం టు విజిట్ వరంగల్’ అని కనిపిస్తుంది. ఇంగ్లిష్ పత్రిక చదివి పోటీ పరీక్షకు సిద్ధమయ్యే మన విద్యార్థికి ఇది మొదటి రోజే ఎదురవుతుంది. దాని కోసం అతను మార్టిన్ హ్యూయింగ్స్ రాసిన తర్వాతి స్థాయి పుస్తకం ‘అడ్వాన్స్‌డ్ గ్రామర్ ఇన్ యూజ్’ దాకా వెళ్లాలి. అలాగే డైరీలోని ఏర్పాటుకూ మనసులోని నిర్ణయానికీ మధ్య గీత కొన్నిసార్లు చాలా సన్నం. రెండు రూపాలూ చెల్లే వాక్యాలు బోలెడు. మర్ఫీ ఆ సంగతి దాచరు, తేడా చిన్నదేనని ఒప్పుకుంటారు. కఠినంగా గీత గీసి విద్యార్థిని భయపెట్టడం కంటే ఇదే నిజాయితీ.

ఇంగ్లిష్ చెప్పే మాస్టార్లకు, టీచరమ్మలకు నాదొక విన్నపం. వచ్చే ఏడాది తొమ్మిదో తరగతికో ఇంటర్ పిల్లలకో భవిష్యత్తు చెప్పేటప్పుడు 12 గళ్ల పట్టికను ఒక వారం పక్కన పెట్టండి. బోర్డు మీద ఒక డైరీ పేజీ గీసి ‘వెళ్తున్నాను’తో మొదలుపెట్టండి. ‘వాన పడేలా ఉంది’కి ఆ తర్వాత రండి. ‘విల్’ను మూడో రోజుకు ఉంచండి. సొంతంగా చదువుకునేవాళ్లు ఈ పుస్తకం కొనేటప్పుడు వెనక జవాబులున్న ప్రతినే అడిగి తీసుకోండి, జవాబులు లేని ప్రతి కూడా అమ్ముతారు. 19 నుంచి 25 దాకా ఏ పాఠమూ దాటేయకుండా, అదే వరసలో చదవండి.